మూడు గింజల కాయ

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టి, బస్సులో ఊరు చేరేసరికి నడుము నాది కాదన్నట్టు ఉంటుంది. గడప దాటగానే టీవీలో కామెడీ. మగవాడు చీర కట్టుకొస్తాడు. మొగుడు పెళ్లాన్ని తిడతాడు. జోకు పూర్తికాక ముందే జడ్జీలు పడీపడీ నవ్వుతారు. మా సీమ మనిషంటే మీసం, వేటకొడవలి, ‘ఏమప్పా’ ఉండి తీరాలి. వేటకొడవలి పట్టుకుని పాలప్యాకెట్టు కొనడానికి పోయినవాణ్ణి మా వీధిలో నేనింతవరకు చూడలేదు.

“కట్టేయమ్మా, తలనొప్పి” అంటే అమ్మ వింటేగా.

“ఉండు పాపా, మన మాట టీవీలో వస్తాండాది.”

అందుకే, వాన ముఖం చాటేసిన ఏడాది కొందరు కుర్రాళ్లు చిన్న సినిమా తీస్తామని మా ఊరొస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. పాటల్లేవు, ఫైట్లు లేవు, ఉన్నది ఉన్నట్టు తీస్తామన్నారు. వాళ్లను ఎంత వెనకేసుకొచ్చానో!

విత్తనానికి వేరుశనక్కాయలు వలిచేటప్పుడు మా ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. మూడు గింజల కాయ ఎవరి చేతికొస్తే వాళ్లు అందరినీ నవ్వించాలి. నవ్వించలేకపోతే పక్కామె కుప్ప కూడా వలవాలి. మా అమ్మ అలాంటి కాయల్ని ముందే ఏరి కొంగున దాచుకుంటుంది, వంతు మళ్లీ మళ్లీ తనకే రావాలని.

షూటింగు రోజు కూడా అంతే చేసింది. కాయ చిట్లించి, పైనున్న మబ్బును చూపించి అందుకుంది.

“పెండ్లిచూపులకొచ్చినట్టు వస్తాది మే ఈ మోడం. కూచుంటాది, బజ్జీలు తింటాది, ఇంటికి పోయి చెప్తామంటాది. పోయిందంటే మళ్లా పత్తా ఉండదు!”

కెమెరా పట్టుకున్న అబ్బాయి నవ్వాపుకోలేక నోట్లో రుమాలు కుక్కుకున్నాడు. ఇక అమ్మను పట్టేవాళ్లు లేరు. “సినిమాలో నా మాట వస్తాది, సూడండి” అని ఊరంతా చెప్పుకుంది.

చాలా నెలలకు సినిమా నా ఫోనుకు వచ్చింది. ఏవేవో ఊళ్లలో చూపించారట, అందరూ మెచ్చుకున్నారట. అమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. బీడు నేల. మేక. గాలి. మళ్లీ బీడు నేల. నాకు ఆవులింతలొచ్చాయి, నిజం చెప్పాలంటే. చివరికి అమ్మ చేతులు కనిపించాయి. మూడు గింజల కాయ చిట్లింది.

“ఇప్పుడు సూడు” అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఖాళీ ఆకాశం. గాలి చప్పుడు. తర్వాత, పనంతా అయ్యాక అలసి కూర్చున్న అమ్మ మొహం. అంతే, సినిమా అయిపోయింది.

“ఎనక్కి తిప్పు పాపా.”

తిప్పాను. కాయ, గాలి.

“సౌండు పెంచు.”

పెంచాను. గాలే పెరిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. టీవీవాళ్లు ఎగతాళికైనా మా మాటను ఉంచారు. వీళ్లు ఏకంగా కోసేశారు. కరువు సీమలో మనిషి నవ్వితే తప్పా?

అమ్మ మళ్లీ తిప్పమంది. ఈసారి కాయ చిట్లగానే ఫోను మీదికి వంగి, ఆ గాలి చప్పుడులోనే, మోడం కథంతా తనే చెప్పింది, చేతులు తిప్పుతూ. చెప్పి నా మొహంలోకి చూసింది. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“నవ్వు రాలేదా పాపా నీకు? బాగా చెప్పలేదేమో నేను. అందుకే తీసేసినారు.”