ఒక కాగితం, ఒక కష్టం

ఫోటో ఫ్రేములు కట్టే ఆయన కూతురు డిగ్రీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తీసుకుందని తెలిసి ఆమె బాబాయి పడీపడీ నవ్వాడు. కంప్యూటర్లు చదివినవాళ్లు కంప్యూటరు ముందు కూర్చుంటారు, లెక్కలు చదివినవాళ్లు బ్యాంకులో కూర్చుంటారు, మరి ఇది చదివినవాళ్లు ఎక్కడ కూర్చుంటారని ఆయన సందేహం. "పట్టా వచ్చాక ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవచ్చులే. మీ నాన్న ఉండగా ఆ ఖర్చు కూడా లేదు" అని తేల్చేశాడు. ఆ పిల్ల తొణకలేదు. ఆఫీసర్లు ఎక్కడ కూర్చుంటారో తనూ అక్కడే కూర్చుంటానంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు ఆఫీసరమ్మ. వెక్కిరింతగా పెట్టిన పేరే అయినా, కొత్త చెప్పులు తొడుక్కున్నంత దర్జాగా దాన్ని తగిలించుకుని తిరిగింది.

నిజానికి ఆ చదువు మీద ఆమెకు మోజు పుట్టించింది నాన్నే. ఆయనకు రెండు పనులు బాగా వచ్చు: అద్దం కోయడం, అర్జీ రాయడం. మొదటి పనితో ఇల్లు గడుస్తుంది. రెండో పనితో ఇప్పటిదాకా ఒరిగింది లేదు. అయినా నెల తిరిగేసరికి మున్సిపల్ ఆఫీసుకు ఒక అర్జీ వెళ్లి తీరాల్సిందే. దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద బండ విరిగి చాలాకాలమైంది. ఒకసారి పెద్ద అద్దం మోసుకొస్తూ అక్కడే తట్టుకుని పడ్డాడు. ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కానీ ఒక్క బండ కోసం పెద్దవాళ్లని కదిలించడం ఏం మర్యాద అని, రాసేటప్పుడు పనిలో పనిగా వీధి కష్టాలన్నీ చేర్చేవాడు. కుళాయి నీళ్ల రంగు, కుక్కలు, దోమలు, బస్టాపు దగ్గర వెలగని దీపం, రాని చెత్తబండి. అర్జీ మాత్రం ఎప్పుడూ ఆఫీసులో అందరికన్నా పెద్దాయనకే. ఆయన కన్ను పడితే చిన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే పరిగెత్తుతారని నాన్న నమ్మకం. ఎవరూ పరిగెత్తలేదు. లోపలికి వెళ్లిన కాగితం ఏమైపోతుందో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలని ఆఫీసరమ్మకు చిన్నప్పుడే పంతం పుట్టింది.

కాలేజీలో ఆ పంతానికి తగ్గ మేడమ్ దొరికింది. ఆవిడ దేన్ని చూసినా "ఇది ఏ విభాగం పని?" అని అడిగేది. ఫ్యాను ఆగిపోయినా అదే ప్రశ్న, సుద్దముక్క కింద పడినా అదే ప్రశ్న. క్లాసంతా నోటికి పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆఫీసరమ్మ నవ్వుతూనే రాసుకునేది. అధికారం మెట్లు మెట్లుగా ఎలా దిగుతుందో, పని నలుగురి మధ్య పడితే ఎందుకు మూలపడుతుందో చదువుతుంటే, ఆ పాఠాల్లో ఆమెకు తన వీధే కనిపించేది. సాయంత్రం క్లాసులు ముగించుకుని బస్సు దిగేసరికి చీకటి పడేది. స్టాపులో నాన్న ఉండేవాడు, చంకలో కాగితం చుట్టిన ఫ్రేముతో. ఇటువైపు డెలివరీ ఉండి వచ్చానని చెప్పేవాడు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ఇంటికి నడిచేవాళ్లు.

ఆఖరి సంవత్సరం ప్రతి విద్యార్థీ ఏదో ఒక ఆఫీసులో కొన్ని వారాలు పనిచేయాలి. ఆఫీసరమ్మకు మున్సిపల్ ఆఫీసులో అర్జీల కౌంటరే పడింది. గుమస్తా ఆమెకు కుర్చీ ఇచ్చి తను పక్కన కూర్చున్నాడు. వారం తిరక్కుండానే నాన్న అర్జీలకు పట్టిన గతి ఆమెకు అర్థమైంది. ఆరు కష్టాలున్న కాగితం ఆరు విభాగాలు తిరుగుతుంది. ప్రతివాళ్లూ మిగతా అయిదూ తమవి కావని రాసి పక్కకి తోస్తారు, వాటితోపాటు తమదీ పోతుంది. ఎవరిలోనూ దుర్మార్గం లేదు, పనీ కాదు. ఆమె నేరుగా అధికారి దగ్గరికి వెళ్లి, కౌంటరు మీద బోర్డు పెట్టడానికి అనుమతి అడిగింది: ఒక కాగితం, ఒక కష్టం. ఆయన సరేనంటూనే రెండు మెలికలు పెట్టాడు. సిబ్బంది తక్కువ కాబట్టి మనిషికి నెలకి ఒక్క అర్జీయే తీసుకోవాలి. ఒక్కరికి మినహాయింపు ఇచ్చినా బోర్డు పీకేస్తాడు, ఆ ముక్క కాలేజీకీ రాసి పంపుతాడు.

ఈ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. చెబితే అదే మొదటి మినహాయింపు అవుతుందని ఆమె లెక్క.

అనుకున్నట్టే నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరితోపాటు వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక కాగితం ముందుకు జరిపాడు. ఆరు కష్టాలూ వరుసగా ఉన్నాయి, ఎప్పటిలాగే.

"ఇందులో ఒక్కటే తీసుకుంటామండీ. మిగతావి కొట్టేసి ఇవ్వండి" అంది. పుట్టి బుద్ధెరిగాక నాన్నని 'మీరు' అనడం అదే మొదటిసారి.

ఆయన బోర్డు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. వరుసలో వెనక ఎవరో, "పెద్దాయన్ని ఎందుకమ్మా తిప్పుతావు" అని విసుక్కున్నారు. గుమస్తా కాగితం మీద ఇంటిపేరు చూసి, ఆమె వైపు వంగి, "మీ నాన్నగారే కదా, తీసేసుకోండి. నేను చూడలేదులే" అన్నాడు. ఆమెకు ఈ పూట ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. కానీ ఇప్పుడు చెయ్యి చాచితే, రేపటి నుంచి మళ్లీ అందరి కాగితాలూ ఊరేగుతాయి.

"ఎవరైనా అంతేనండీ" అంది.

నాన్న బల్ల దగ్గరికి వెళ్లి పెన్ను తీశాడు. ఆయన ఉంచేది బండేనని ఆమెకు తెలుసు. చేతి మీద మచ్చే సాక్ష్యం. కాసేపటికి ఆయన తిరిగొచ్చి కాగితం ఇచ్చాడు. బండ మీద గీత ఉంది. నీళ్లు, కుక్కలు, దోమలు, చెత్తబండి, అన్నిటి మీదా గీతలే. బస్టాపు దీపం ఒక్కటే మిగిలింది.

"దీని వల్ల ఎవరికి ఇబ్బంది?" అని అడిగింది. అది రాయడం పద్ధతి.

"చీకటిపడ్డాక కాలేజీ నుంచి వచ్చే పిల్లలకండీ" అన్నాడు.

ఆమెకు బస్టాపులో నిలబడే నాన్న గుర్తొచ్చాడు. చంకలో ఎప్పుడూ ఒకే ఫ్రేము, ఎప్పుడూ అదే కాగితం. ఎవరికీ అందని ఆ డెలివరీ గురించి తను ఒక్కరోజూ ఆలోచించలేదు. తల వంచుకుని రాసింది, ముద్ర వేసింది, రసీదు చించి ఇచ్చింది.

"దీపాల విభాగానికి వెళ్తుందండీ. పది రోజుల్లో వెలగకపోతే ఈ నంబరు పట్టుకుని రండి."

"తప్పకుండా వస్తాను మేడమ్" అన్నాడు ఆయన, రసీదు జేబులో పెట్టుకుంటూ.

రావాల్సిన అవసరం పడలేదు. గడువు లోపే ఒక సాయంత్రం ఆమె బస్సు దిగేసరికి స్టాపంతా వెలుగు. నాన్న మాత్రం లేడు. ఒక్కతే ఇంటిదాకా నడిచి, దుకాణంలోకి తొంగి చూసింది. ఆయన మేకులు కొడుతున్నాడు. కాగితం చుట్టిన ఫ్రేము బల్ల మీద ఉంది.

"ఇవాళ డెలివరీ లేదా నాన్నా?"

"ఇక ఉండదులే" అన్నాడు తలెత్తకుండా.

ఆమె కాగితం విప్పింది. లోపల ఖాళీ ఫ్రేము, సరిగ్గా డిగ్రీ పట్టా కొలతకి. ఎన్నో పట్టాలకు ఫ్రేములు కట్టిన మనిషికి ఆ కొలత కంఠతా. మూడేళ్లుగా మోసి మోసి అంచుల దగ్గర రంగు పోయింది. ఆమె దాన్ని మళ్లీ అలాగే చుట్టి పెట్టింది.

"వచ్చే నెల బండ గురించి రాయి నాన్నా."

"రాస్తాను. అప్పటికి కౌంటర్లో నువ్వుండవుగా?"

"ఎవరున్నా తీసుకుంటారు. బోర్డు ఉంది" అంది ఆఫీసరమ్మ.