ఢిల్లీ విమానంలో మగ్గం రాళ్లు

1958 వేసవి. హైదరాబాద్ విమానాశ్రయంలో నేను లోడ్ షీట్ గుమాస్తాని. మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి విమానం ఎంత బరువుతో లేవవచ్చో లెక్కకట్టే కాగితమే లోడ్ షీట్. మా చిన్న డకోటాల్లో పెట్రోలు పెరిగితే ఆ మేరకు పేలోడ్, అంటే జనం, సామాను, తగ్గాల్సిందే. ఈ విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. జడ్చర్లవాణ్ని, మొండితనం పుట్టుకతోనే వచ్చింది.

ఆ ఉదయం నారాయణపేట నుంచి నేతగాడు నర్సప్ప, ఆయన భార్య ఈరమ్మ వచ్చారు. ఢిల్లీ ప్రదర్శనలో మర్నాడు అందరి ముందూ చీర నేయాలి. మగ్గం సామానంతా ఒక పెట్టెలో ఉంది. అప్పట్లో ప్రయాణికుల్నీ తూచేవాళ్లం. కాటా ఎక్కమంటే ఈరమ్మ సిగ్గుపడుతూ నవ్వింది.

"మా ఎత్తు బెల్లం తూచి దేవతకిస్తమని మేమేం మొక్కుకోలే గద సారూ!"

అంతలో కెప్టెన్ వచ్చాడు. దారిలో దిగాల్సిన నాగపూర్‌లో దుమ్ముగాలి లేచిందట. అక్కడ దిగడం కుదరకపోతే ఇంకో ఊరికి పోవడానికి అదనపు పెట్రోలు కావాలన్నాడు. లెక్క వేస్తే నలభై పౌన్లు దించాలని తేలింది. అందరికంటే చివర వచ్చిన మగ్గం పెట్టెను లోడ్ షీట్‌లో పెన్సిలుతో కొట్టేసి, రేపటి విమానంలో పంపుతానని నర్సప్పతో చెప్పాను.

ఆయన ముఖం పాలిపోయింది. "రేపొస్తే ఏం ఫాయిదా సారూ? పొద్దుగాల్నే మా వంతు. మగ్గం లేకుంట ఒట్టి చేతులతోని ఏం నేస్తం?"

నాకు ప్రాణం ఉసూరుమంది. "గింత బరువు ఏం పెట్టిండ్రు గిండ్ల?" అంటూ పెట్టె తెరిపించాను. నూలు కింద, పాత చీరలో చుట్టిన నాలుగు నల్లరాళ్లు!

"ఢిల్లీల రాళ్లు దొరుకయా?"

"దొరుకుతయ్," అంది ఈరమ్మ. "గని పడుగు, గదే నిలువు పోగులు, బిగువుగ ఉండెతందుకు మా మామ కాలం నుంచి గివే కడ్తున్నం. బరువు జర అటిటైనా అంచు వంకర పోతది."

నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ ఆమె చెప్పింది అచ్చం నా ఉద్యోగమే. రాళ్లను ఒక్కొక్కటిగా తూచాను. మొత్తం నలభై రెండు పౌన్లు. నాలుగు గుడ్డ సంచులు తెచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో రాయి బరువు రాసి, ఢిల్లీ చేరాక సరిగ్గా అంతే ఇసుక నింపి కట్టుకోమన్నాను.

రాళ్లు నా బల్ల కింద ఉండిపోయాయి. పెట్టె ఎక్కింది, కెప్టెన్ అడిగిన పెట్రోలూ ఎక్కింది. డకోటా నేల వదిలినప్పుడు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను.

పది రోజులకు ఆ దంపతులు తిరిగొచ్చారు. ఈరమ్మ ఖాళీ సంచులు నా ముందు పెట్టింది.

"మగ్గం చుట్టు జనమే జనం సారూ! అంచు సక్కగొచ్చింది. మీ ఇసుక మంచిగనే ఉన్నది గని, మా రాళ్లు మాకియ్యిండ్రి."

ఆ తర్వాత నౌకరీలో ఎన్నోసార్లు బరువు దించాల్సి వచ్చింది. సామాను ఎవరిదో వాళ్లను పిలిచి, ఇందులో ఏముంది, ఏది లేకపోయినా పని జరుగుతుంది అని అడగకుండా మాత్రం ఏ పెట్టెనూ మళ్లీ కొట్టేయలేదు.