గోనె ఉతికి ఆరేసిన మామ్మ

మా పక్కింటి మామ్మ పోయింది. భిలాయి సుపేలాలో నేను పనిచేసే కుట్టుమిషన్ల దుకాణానికి మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "పిండి కోసమని ఎల్లి పిలిస్తే పలకలేదే. పిల్లి పక్కనే కూకుని ఉంది" అంది. ఆటోలో మేముండే క్యాంప్ వన్‌కి వస్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఇక్కడివాళ్ళు ఠేకేదారు అనే ఎదురింటి కాంట్రాక్టరు ఈపాటికి హాయిగా ఊపిరి పీల్చుకుని ఉంటాడన్నదే నా బాధ. ఆ హాయి అతనికి దక్కకూడదని కూడా ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మామ్మ శ్రీకాకుళం వైపు మనిషి. పెళ్ళయి భిలాయి వచ్చింది. తాత ఉక్కు ప్లాంటులో ఠేకా కూలీగా చేసి చేసి పోయాడు. పింఛను లేదు, పిల్లలు లేరు. మామ్మ ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకుంది. గిన్నె నిండాక ఇంకో గరిటె పోసి, "అది నీకు కాదు, రేపు మల్లీ రావడానికి" అనేది. మాతో తెలుగు మాట్లాడేది, కొనేవాళ్ళతో హిందీ. పిల్లితో రెండూ మాట్లాడేది. వానకి తడిసి ఇంట్లోకొచ్చి ఉండిపోయిన బూడిదరంగు పిల్లి అది.

కొన్నేళ్ళ కిందట ఆ పిల్లి ఎదురింటి గోదాములో, సిమెంటు బస్తాల మీద కూనల్ని పెట్టింది. ఆ ఠేకేదారు విజయనగరం నుంచి వచ్చి ఇళ్ళ కాంట్రాక్టులతో పైకొచ్చినవాడు. కూనల్ని ఖాళీ గోనెలో కట్టించి, కుమ్హారి రోడ్డులో పారేయించాడు. పారేసి వచ్చిన డ్రైవరే ఉండబట్టలేక మామ్మకి చెప్పేశాడు. నేనూ మామ్మా ఆటోలో వెళ్ళాం. అతను చెప్పిన కల్వర్టు కిందే గోనె దొరికింది. ముడి విప్పేసరికి ఒక్కటీ కదల్లేదు.

మామ్మ ఏడవలేదు. కూనల్ని అక్కడే మట్టిలో కప్పెట్టింది. గోనె మాత్రం ఇంటికి తెచ్చి, సబ్బు పెట్టి ఉతికి, ఠేకేదారు గేటుకి ఎదురుగా బట్టల తీగ మీద ఆరేసింది. అతను బయటికొచ్చాడు.

"ఏటి మామ్మా ఇది?"

"నీదే బాబూ. రోడ్డు మీద వొదిలీసినావు. ఆరినాక పట్టుకెల్లు."

అతను నవ్వాడు. "పిల్లికూనలే కదా. నీ పిల్లి మల్లీ కంటాది."

"కనదు. నీ సేతికి ఇంకోటి దొరకనివ్వను" అంది మామ్మ.

ఆ మాట కోసమే, పిల్లికి మళ్ళీ కూనలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి, ఆమె పెళ్ళినాటి ఇత్తడి గంగాళం అమ్మేసింది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి, నోరులేని జీవానికి కడుపు కోయిస్తే పాపం చుట్టుకుంటుందన్నారు. "కననిచ్చి సంపించడం పున్నెమేటి?" అని మామ్మ గ్రైండర్ ఆన్ చేసింది. ఆ మోతలో వాళ్ళ జవాబు ఎవరికీ వినపడలేదు.

డాక్టరు చెప్పినట్టు ముందురోజు రాత్రి నుంచి పిల్లికి తిండి పెట్టలేదు. కూరల బుట్టలో కూర్చోబెట్టి, పైన పాత చీర కట్టి, దుర్గ్‌లో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా అది అరిచింది, మామ్మ దారంతా దానికి సర్దిచెప్పింది. ఆపరేషన్ అయ్యాక కుట్లు నాకకూడదన్నారు. తన పాత జాకెట్టు కత్తిరించి పిల్లికి చొక్కా కుట్టింది మామ్మ. దాన్ని తొడుక్కుని పిల్లి వారం రోజులు వంకరగా నడిచింది. ఆ తర్వాత ఏటేటా వెర్రికుక్క రోగం సూది, నులిపురుగుల మందు తప్పనివ్వలేదు. చేపలమ్మే బెంగాలీ దీదీకి పిండి ఇచ్చి తలకాయలు తెచ్చేది. "పిల్లిని ఉంచుకుంటే దాని సూదిని కూడా ఉంచుకోవాల" అనేది.

ఇక ఠేకేదారు సంగతి. పిండికి వచ్చిన ప్రతివాళ్ళకీ మామ్మ అతను పట్టుకెళ్ళని ఆ గోనె చూపించి, గొంతు పెంచకుండా, ఒక్క మాట కలపకుండా జరిగింది జరిగినట్టు చెప్పేది. వానాకాలం వచ్చేసరికి అతని పేరు మారిపోయింది. హిందీలో గోనెని బోరా అంటారు. అతను 'బోరేవాలా' అయ్యాడు. సుపేలా ఆటోవాళ్ళు కూడా "బోరేవాలా గల్లీ" అనడం మొదలుపెట్టారు. ఒకరోజు అతని మనవరాలు వీధిలోనే, అందరి ముందూ అడిగింది: "తాతా, నిన్ను బోరేవాలా అంటారేటి?"

ఆ సాయంత్రం అతను మామ్మ గుమ్మంలో నిలబడ్డాడు. "పిల్లి కర్చంతా నేను పెట్టుకుంటాను మామ్మా. ఆ పేరు మాన్పించీ."

మామ్మ పిండి కలుపుతూనే ఉంది. "పిల్లి కర్చు నాది. పేరు నీది. ఎవులిది ఆలే మొయ్యాల."

తప్పయిపోయిందన్న ఒక్క మాట కోసం ఆమె ఎదురుచూసిందని నాకు తెలుసు. అతను డబ్బు మాట తప్ప ఆ మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

కుమ్హారి నుంచి మామ్మ తమ్ముడి కొడుకు వచ్చేదాకా ఆమెని వాకిట్లో పడుకోబెట్టాం. వీధంతా వచ్చింది. అందరి వెనకా ఠేకేదారు, చేతుల్లో పెద్ద బంతిపూల దండ. అంత దండ ఇంకెవరూ తేలేదు. జనం దారిచ్చారు. నేను ఇవ్వలేదు.

"వొద్దు మావయ్యా. మీ సేతి పువ్వులు మామ్మ తీసుకోదు."

"పోయినోల్ల దగ్గర కూడా పగేటమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"పోయింది మామ్మ. నేనున్నాను కదా."

ఎవరూ నన్ను వారించలేదు. అమ్మ కూడా. దండ పట్టుకోవడానికి అతని డ్రైవరు చెయ్యి చాచలేదు. తమ్ముడి కొడుకు రాగానే మేం మామ్మని ఎత్తుకుని కదిలాం. వీధి మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. ఎర్రటి ఎండలో, ఖాళీ అయిన వాకిట్లో అతనొక్కడే నిలబడి ఉన్నాడు. ఆ దండని మెళ్ళో వేసుకోలేడు, కింద పడెయ్యలేడు, ఇంటికి పట్టుకెళ్ళలేడు.