పరీక్షకు పనికిరాని నా బొటనవేలు

ఈ రోజు ఎల్లారెడ్డిలో పింఛన్లు ఇచ్చే చోట కొత్త వేలిముద్రల మిషన్‌ను పరీక్షించారు. వచ్చే నెల నుంచి అది ముద్ర పట్టుకుంటేనే పింఛను. ఆ భయంతోనే పొద్దున్నే పోయి ముందు కూర్చున్నాను. పట్నం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ సారు ఆఫీసు వాళ్ల వేళ్లు పెట్టించాడు. అన్నీ పట్టుకుంది. తర్వాత నేను చెయ్యి చాపాను. బీడీలు చుట్టి చుట్టి అరిగిపోయిన నా బొటనవేలు చూసి అడ్డం పడ్డాడు.

"నీది వద్దు అవ్వా. ఫెయిలని వస్తే రిపోర్టు ఖరాబైతది."

"పింఛను తీసుకునేది మేమే గద బిడ్డా. మా వేళ్లు పెట్టకుంటే ఎట్ల ఎరుకైతది?"

"అది తర్వాత చూస్తం. జర పక్కకు కూసో."

మిషన్ మంచిగా పనిచేస్తోందని రాసుకొని వెళ్లిపోయాడు. మా వరుసలో అందరమూ బీడీలు చుట్టినవాళ్లమే. వచ్చే నెల ఎవరి బొటనవేలు అరువు తెచ్చుకోవాలో మీరే చెప్పండి.