రేవు ఎదురుగానే ఉంది

గ్రీసులో ఒక దీవి నుంచి ఒడ్డుకు వచ్చే ఓడ ఎక్కానో లేదో, తడి మోకు వాసన ముక్కుకు తగిలింది. భద్రాచలం దిగువ రేవుల్లో పెరిగిన నేస్తాలూ, ఆ వాసన మీకు చెప్పాలా!

మన పడవ తాత ఏనాడూ నేరుగా అవతలికి పోయేవాడు కాదు, గుర్తుందా? ఒడ్డు వెంబడే గెడకర్ర పొడుస్తూ ప్రవాహానికి ఎదురు పైకి, ఇంకా పైకి పోయి, అప్పుడు గోదారికి అడ్డం తిప్పేవాడు. ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

ఒకసారి చెల్లికి జ్వరం. నాన్న భుజం మీద మూలుగుతోంది.

“రేవు ఎదురుంగనే ఉంది గద తాతా, పైకేంది పోతున్నవ్? జల్దీ దవాఖానాకు పోవాలె!” అని నాన్న కేకలేశాడు. తాత పడవను నేరుగా తిప్పాడు. ప్రవాహం మమ్మల్ని రేవు దాటించి, ఎక్కడో దిగువన ఇసుకలో పడేసింది. ఆ ఎండలో చెల్లినెత్తుకుని నాన్న పరుగు, వెనకాల చెప్పుల్లేకుండా నేను.

తిరిగొచ్చేటప్పుడు తాత చెల్లి నుదురు తాకి చూశాడు. “ముందుగాల ఎదురు పోవాలె బిడ్డా. ఇగ నీళ్లే దించుతయ్” అన్నాడు. నాన్న తల దించుకున్నాడు.

ఇవాళ మా ఓడ ఒడ్డు దాకా వచ్చి, ఉన్నట్టుండి తిరిగి రేవుకు వీపు పెట్టింది. పక్కనున్న చెల్లి గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, రేవు గక్కడుంటే ఇదేందే, గిట్ల తిరుగుతుంది?”

ఎందుకో నాకూ తెలియదు, కానీ ఓడ వీపుతోనే రేవు వైపు జరుగుతోంది. ఆనాటి సంగతి దానికి గుర్తే లేదు. ఆనాటి జ్వరపు వేడి లేదు, దాని చెయ్యి చల్లగా ఉంది.