బర్రె చెవి

న్యాల్‌కల్ నుంచి జహీరాబాద్ పోయే బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఒళ్లోని మూట కుళ్లు వాసన కొడుతోంది. వేరే సీటు లేక నేను కూర్చున్నాను.

"బర్రె చెవి," అంది. "ఇన్సూరెన్స్ చేసిన బర్రె సచ్చింది. దాని చెవికి కొట్టిన నంబరు బిళ్ల తీస్కపోయి చూపిస్తే, ఇంట్ల ఇంకా మూడు బర్లున్నయి గద, బతికున్నదాని బిళ్ల పీకి తెచ్చినవన్నడు ఆఫీసరు. అందరి ముంగట నన్ను దొంగను చేసిండు. చెవి లేంది నమ్మడంట. బొంద తవ్వి చెవే కోసుకొస్తున్న. ఆయన బువ్వ ఎప్పుడు తింటడో ఎరుకేనా అన్నా?"

చచ్చిన మా ఆవు కోసం నేనూ ఆ ఆఫీసరు బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్నే.

"ఒంటిగంటకు," అన్నాను. "డబ్బా బల్ల మీదనే విప్పుతడక్కా."

ఆమె మూటను ఎండ పడే కిటికీ దగ్గరికి జరిపింది.