అత్త కాలికి కట్టు

సైన్యంలో పదిహేనేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేశాను. బెణికిన కాళ్లకు, విరిగిన చేతులకు నేను కట్టిన కట్లకు లెక్కే లేదు. అయినా సెలవులో మా ఊరు పోదనూరు వచ్చినప్పుడు మా మేనత్త నన్ను ఒంటిమీద చెయ్యి వేయనిచ్చేది కాదు. "నువ్వు కాంపౌండరువే కదరా కణ్ణు, నేను డాక్టరు దగ్గరే పోతా" అనేది.

కొలువు వదిలి, పరీక్ష రాసి, ముప్పై అయిదో ఏట మెడికల్ కాలేజీలో చేరాను. మూడు నెలలైంది. ఎముకల పేర్లు తప్ప ఇంకేమీ నేర్పలేదు, రోగిని తాకనివ్వనూ లేదు. మొన్న ఇంటికి వస్తే అత్త వాకిట్లోనే కాలు చాపుకుని కూర్చుంది. కొబ్బరి ఎండేసిన మిద్దె మీద జారి చీలమండ బెణికిందట.

"రెండు దినాలుగా సుళుక్కు పట్టిండాది. నీకోసరమే కాచుకోనుండా."

"నేనింకా డాక్టరు కాలేదత్తా!"

"సరి సరి, కట్టు."

ఒళ్లు మండింది. పళ్లు కొరుక్కుంటూ, సైన్యంలో కట్టినట్టే కట్టాను. అత్త లేచి నాలుగడుగులు వేసి చూసుకుంది. వీధిలో పోతున్న పక్కింటావిడను ఆపి మరీ చెప్పింది.

"చూసినావా? మూడు నెలలు చదివేసరికే ఎంత చేతివాసి వచ్చిండాదో! మిలిటరీలో పదిహేనేండ్లు ఊరికే వేస్టు చేసినాడు."